వేలెడు సందు

సెన్యా దీవిలో నవంబరు మూడో వారం.
మధ్యాహ్నం రెండింటికే చీకటి
తలుపు తట్టకుండా లోపలికొచ్చి కూర్చుంటుంది.
వ్యాను దిగి నిచ్చెన తీస్తుంటే
నాకు మొదట కనబడింది కారు కాదు,
వంటింటి కిటికీ.

వేలెడంత తెరిచి ఉంది.
ఆ సందులోంచి నారింజ రంగు తీగ ఒకటి
మంచు మీద పాక్కుంటూ వెళ్లి
కారు డొక్కలో దూరింది.
మిగిలిన సందు నిండా
బూడిద రంగు ఉన్ని మేజోడు కుక్కి ఉంది.

"పోయిన శీతాకాలం నుంచీ ఇంతే," అంది గుడ్నీ
కాఫీ గిన్నె పొయ్యి మీద పెడుతూ.
"ఈయన కారుకి మేత,
నా మెడకి చలి."

ఐలెర్ట్ మాట్లాడలేదు.
ముప్పై ఎనిమిదేళ్లు చేపల పడవల్లో
డీజిలు ఇంజన్లు విప్పి బిగించినవాడు.
చప్పుడు చెయ్యని బండి కొన్నందుకు
రేవులో ఇంకా ఎగతాళి పడుతున్నాడట.
నా పనిముట్ల పెట్టెలోకి మాత్రం
రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

గోడ సాకెట్ విప్పాను.
మొహం మాడ్చుకుని ఉంది.
మాటవరసకి కాదు, నిజంగానే.
తీగ తొడుగు వేలు తగలగానే పొడైంది.
ఇద్దరికీ చూపించాను.
గుడ్నీ చూసింది.
ఐలెర్ట్ గడియారం చూశాడు.

పాత ఇల్లు. పెట్టె తెరిస్తే
పాలపళ్ల వరసలా పింగాణీ ఫ్యూజులు,
ఒక్కోదాని కింద ఎవరిదో పెన్సిల్ రాత:
పొయ్యి. నేలమాళిగ. రేడియో.
రేడియో ఒక్కదానికే ఒక ఫ్యూజు!
తీయబోయిన చెయ్యి కాసేపు ఆగింది.
తీసేశాను. పని పనే.

గోడకి బెజ్జం వేస్తుంటే
డ్రిల్లు మొన వెంట రంపపు పొట్టు రాలింది,
డెబ్బై ఏళ్ల కిందటి పైను వాసన
ఇంకా పచ్చిగా.
ఐలెర్ట్ దోసిట్లోకి పట్టాడు.
తండ్రి గురించి ఏదో చెప్తాడనుకున్నాను.
"చెమ్మ లేదు," అన్నాడు,
జేబులో పోసుకున్నాడు.

నాలుగున్నరకి చార్జరు గోడకెక్కింది,
రొట్టె పెట్టెంత, తెల్లగా.
అప్పుడు చెప్పాల్సింది చెప్పాను:
మీ ఇంటికొచ్చే కరెంటు ఇంతే.
పొయ్యీ, నీళ్ల హీటరూ, కారూ
ఒక్కసారే అడిగితే ఇల్లంతా ఆరిపోతుంది.
అందుకే ఇది కనిపెట్టుకుని ఉంటుంది.
మీరు పొయ్యి వెలిగిస్తే ఇది తగ్గుతుంది.
మీరు పడుకున్నాక తన పని చూసుకుంటుంది.

"తగ్గుతుందా?" అంది గుడ్నీ.
"తగ్గుతుంది."
"ఎవరూ చెప్పకుండానే?"
"ఎవరూ చెప్పకుండానే."
ఆమె మొగుడి వైపు చూసింది.
నలభై ఏడేళ్ల కాపురం
ఆ ఒక్క చూపులో లెక్కకొచ్చింది.
"ఇలాంటివి ఉన్నాయని
నాకప్పుడెవరూ చెప్పలేదు," అంది.

ఐలెర్ట్ నవ్వాడు, ఆ రోజుకి మొదటిసారి.
కిందిపన్ను ఒకటి లేదు.

పరీక్ష కోసం ఆమె పొయ్యి వెలిగించింది.
అంకె పదహారు నుంచి ఆరుకి దిగింది.
ఆర్పింది. ఎక్కింది.
మళ్లీ వెలిగించింది,
అవసరం లేదు, ఊరికే.

నారింజ తీగ చుట్ట చుట్టి
ఐలెర్ట్ మేజోడు లాగాడు.
కిటికీ సందు ఆకారంలో గడ్డకట్టి ఉంది.
చెక్క ఉబ్బి మొరాయిస్తుంటే
భుజం ఆనించి రెక్క మూశాడు.

సముద్రం ఆగిపోయింది.
ఇంతసేపూ అది వంటింట్లోనే ఉందని
ఆగాకే తెలిసింది.
ముగ్గురం కాఫీ తాగాం.
ఏం మాట్లాడాలో ఎవరికీ తోచలేదు.

మలుపు దాటాక నిచ్చెన గుర్తొచ్చింది.
వెనక్కొచ్చి చూస్తే
చార్జరు పచ్చదీపం మెల్లగా కొట్టుకుంటోంది.
అంటే లోపల పొయ్యి వెలిగింది.
ఆవిరి పట్టిన అద్దం వెనక
పొయ్యి కడ్డీకి వేలాడుతూ
ఏడాది వాన తాగి వెలిసిన మేజోడు,
పక్కనే సొరుగులోంచి తీసిన
దాని జత.

నిచ్చెన చప్పుడు కాకుండా
వ్యానుకెక్కించాను.